చివరి చేతి దగ్గర ఆగిపోయే విచారణ

(ఏప్రిల్ 28, కార్మిక స్మారక దినం నాడు విశాఖపట్నంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారిని తలచుకోవడానికి ఏప్రిల్ 28ని ఎంచుకున్నది కెనడా కార్మిక సంఘాలు. 1980లలో అక్కడ మొదలైన ఆచారం దేశదేశాలకు పాకింది. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ అదే తేదీని పని ప్రదేశాల్లో భద్రత, ఆరోగ్యాల దినంగా పాటిస్తోంది. సాధారణంగా స్మారకోపన్యాసం ఒక వ్యక్తి పేరు మీద జరుగుతుంది. ఈ రోజు స్మరణలో ఉన్నవారి పేర్లు చదవాలంటే సాయంత్రం చాలదు. వారిలో చాలామందికి దక్కిన చివరి ప్రస్తావన విచారణ నివేదికలోని ఒక్క వాక్యం: ప్రమాదానికి కారణం మానవ తప్పిదం. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి పనికొచ్చింది, దాని తర్వాత రాయవలసిన వాక్యాలు ఎందుకు రాయడం లేదు అన్నదే నేటి ఉపన్యాస విషయం.

ముందుగా రైలు పట్టాల మీది ఒక ఉదయాన్ని నిదానంగా చూడాలి.

2024 జూన్ 17. పశ్చిమ బెంగాల్‌లో న్యూ జల్పాయ్‌గురి దగ్గర రంగాపాని స్టేషన్. తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాల నుంచి అక్కడి ఆటోమేటిక్ సిగ్నళ్ళు పనిచేయడం లేదు. అలాంటప్పుడు స్టేషన్ మాస్టర్ లోకో పైలట్ చేతికి ఒక కాగితం ఇస్తాడు. ఎర్ర సిగ్నళ్ళను దాటి వెళ్ళవచ్చని దాని అర్థం. రైల్వేలో దాన్ని టీఏ 912 అంటారు. ఆ కాగితం తీసుకుని కాంచనజంఘా ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. కాసేపటికి అలాంటి కాగితమే తీసుకుని వెనకాల ఒక గూడ్సు బయల్దేరింది. 9 గంటలు కావొస్తుండగా గూడ్సు వచ్చి ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గుద్దింది. 10 మంది చనిపోయారు. వారిలో గూడ్సు లోకో పైలట్, ఎక్స్‌ప్రెస్ గార్డు కూడా ఉన్నారు.

గంటలు గడవకముందే ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. గూడ్సు డ్రైవర్ సిగ్నల్‌ను లెక్కచేయలేదన్నారు. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు. సిగ్నళ్ళు దాటేందుకు అతనికి రాతపూర్వకంగా అనుమతి ఉందన్న సంగతి ఆ తర్వాత గానీ బయటికి రాలేదు.

రైల్వే భద్రతా కమిషనర్ తాపీగా కూర్చుని ఆ ఉదయం ఆ సెక్షన్‌లోకి వెళ్ళిన బండ్లన్నిటి నడకనూ పరిశీలించారు. చెడిపోయిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నిమిషం ఆగాలి, గంటకు 15 కిలోమీటర్ల వేగం మించకూడదు అనే పద్ధతిని ఒకే ఒక్క బండి పాటించింది. అది కాంచనజంఘా ఎక్స్‌ప్రెస్. దెబ్బ తిన్నదీ అదే. గూడ్సుతో సహా మిగిలిన ఆరు బండ్లూ ఆ పద్ధతి పాటించలేదు. వాటిలో ఐదు క్షేమంగా వెళ్ళిపోయాయి.

ఆ కాగితం మీద ఎంత వేగంతో వెళ్ళాలో రాసి లేదు. సిగ్నల్ వ్యవస్థ అంతా చాలాసేపు పడిపోయినప్పుడు ఇవ్వవలసిన ఫారం అసలు వేరే ఉంది. దాని ప్రకారం ముందు బండి తర్వాతి స్టేషన్ చేరేదాకా రెండో బండిని సెక్షన్‌లోకి వదలరు. లోకో పైలట్లకూ స్టేషన్ మాస్టర్లకూ ఈ తేడా మీద తగినంత తర్ఫీదు లేదని కమిషనర్ రాశారు. ఒకే కాగితాన్ని అంతమంది ఒకే రకంగా అర్థం చేసుకున్నారంటే, లోపాన్ని చదివినవారి కళ్ళలో వెతకడం వృథా. ఆ కాగితం ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో చూడాలి. ఆ ఉదయం మరో మనిషి ఆ సీట్లో ఉన్నా ప్రమాదం తప్పేదని చెప్పడానికి ఆధారం లేదు.

మన ఉత్తరాంధ్రకూ ఇలాంటి గాయం ఉంది. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ ముందు వెళ్తున్న పలాస ప్యాసింజర్‌ను గుద్దింది. కొన్ని నెలల తర్వాత, రాయగడ ప్యాసింజర్ డ్రైవర్లిద్దరూ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారన్న మాట ప్రభుత్వంలో పై స్థాయి నుంచే వచ్చింది. ఆ ఇద్దరూ అప్పటికే ప్రాణాలతో లేరు. తర్వాత వెలుగుచూసిన భద్రతా కమిషనర్ నివేదిక ఆ మాటను బలపరచలేదు. సిగ్నళ్ళు దాటిన బాధ్యత సిబ్బందిదేనని ఆ నివేదిక చెప్పిన మాటా నిజమే. కానీ ఏ తప్పు జరిగింది అన్న ప్రశ్నకూ, ఎలాంటి మనుషులు వాళ్ళు అన్న ప్రశ్నకూ మధ్య ఉన్న గీతను ఎంత సులువుగా చెరిపేయగలమో ఆ క్రికెట్ మాట చూపించింది. రెండు కుటుంబాలు ఆ మాటతో నెలల తరబడి బతకవలసి వచ్చింది.

చివరిగా యంత్రం మీద చెయ్యి వేసినవాడే కారకుడనే ఆలోచన మనది మాత్రమే కాదు. దానికి అంకెల రూపం ఇచ్చినది అమెరికాలోని ఒక బీమా కంపెనీ ఉద్యోగి. ట్రావెలర్స్ కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ హైన్రిచ్ 1931లో పారిశ్రామిక ప్రమాదాల నివారణ మీద పుస్తకం తెచ్చాడు. బీమా ఫైళ్ళు, ఫ్యాక్టరీ రికార్డులు కలిపి 75,000 కేసులు చూసి, 88 శాతం ప్రమాదాలకు మనుషుల అజాగ్రత్త పనులు, 10 శాతానికి యంత్రాల, పరిసరాల లోపాలు, మిగిలిన 2 శాతానికి ఎవరూ ఆపలేని కారణాలు అని పంచాడు. ప్రపంచంలో ఎన్ని సేఫ్టీ తరగతి గదుల గోడల మీద ఈ 88 శాతం ఎక్కిందో లెక్క లేదు. ఆ ఫైళ్ళలో రాతలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరూ వేయలేదు. ప్రమాదం జరగ్గానే కాగితం నింపేది సూపర్‌వైజర్. తన విభాగంలో రక్షణ తొడుగు లేని యంత్రం ఉందని రాస్తే మొదటి సంజాయిషీ తనదే అవుతుంది. కార్మికుడు చూసుకోలేదని రాస్తే ఫైలు ఆ పూటకే మూసుకుంటుంది. 88 అనే అంకె మనుషుల స్వభావాన్ని కొలిచిందా, కాగితం నింపేవారి ఇబ్బందిని కొలిచిందా అన్న సందేహం నేటికీ తీరలేదు. మూల రికార్డులు ఇప్పుడు దొరకవు.

ఈ ఆలోచనకు మొదటి గట్టి దెబ్బ రెండో ప్రపంచ యుద్ధంలో తగిలింది. అమెరికా సైన్యంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీద ఉండగానే చక్రాలు ముడుచుకుని కూలబడేవి. పైలట్ రెక్కల ఫ్లాప్‌లు ఎత్తబోయి చక్రాల మీట లాగేశాడన్నమాట. పైలట్ పొరపాటు అని రాసి వదిలేసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త కాక్‌పిట్‌లోకి తొంగి చూశాడు. రెండు మీటలూ ఒకే ఆకారంలో, పక్కపక్కనే ఉన్నాయి. అదే కాలంలో నడిచిన సి-47 రవాణా విమానాల్లో ఆ రెండూ వేరువేరుగా ఉండేవి, అక్కడ ఈ పొరపాటు కనబడలేదు. చపానిస్ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, క్రమశిక్షణ చర్య కోరలేదు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారపు ముక్క తగిలించాడు. చేతికి తగిలిన ఆకారమే ఏది ఏదో చెప్పేసింది. నేటికీ పెద్ద విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారం ఉండాలని నిబంధన. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ పైలట్ పొరపాట్లుగా పేరుపడ్డ 460 అనుభవాలను సేకరించి, మీటల అమరికలోనే ఆ పొరపాట్లకు బీజం ఉందని చూపారు. మానవ కారకాల శాస్త్రం అని ఇప్పుడు పిలిచే విద్యకు పునాది ఇలా పడింది.

ఆ పునాది పడిన 37 ఏళ్ళకు భోపాల్ జరిగింది.

1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో పైపులు నీటితో కడిగారు. కడిగేముందు నీళ్ళు మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకు వైపు పోకుండా పైపుల మధ్య ఒక రేకు బిళ్ళ పెట్టాలి. ఆ రాత్రి పెట్టలేదు. ట్యాంకులోకి నీళ్ళు చేరిన దారి అదేనని చెప్పేవారు ఉన్నారు. కంపెనీ మాత్రం ఎవరో అసంతృప్త కార్మికుడు కావాలని చేశాడన్న వాదన మీదే నిలబడింది. చివరి చేతిని వెతకడానికి అంత శ్రమ పడినవారు ఆ బిళ్ళ ఎవరు పెట్టించాలి అన్న చోట ఆగలేదు. ఆ పని చూసుకోవలసిన మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టును రాత్రి షిఫ్టు నుంచి కొద్ది రోజుల ముందే ఎత్తేశారు. మిథైల్ ఐసోసయనేట్ యూనిట్‌లో షిఫ్టుకు 12 మంది ఆపరేటర్లు ఉండేవారు, ఆనాటికి ఆరుగురే మిగిలారు. ట్యాంకును చల్లగా ఉంచే శీతలీకరణ యంత్రాన్ని నెలల కిందటే ఆపేశారు. లీకైన వాయువును మండించే ఫ్లేర్ టవర్‌కు వెళ్ళే పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది.

కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు మారేవేళ ట్యాంకు పీడనం చదరపు అంగుళానికి 2 పౌండ్ల నుంచి 10కి ఎక్కింది. 25 వరకూ మామూలే అని లెక్క. పైగా ఆ మీటర్లు తప్పుడు రీడింగులు చూపడం అక్కడివారికి అలవాటు. కళ్ళు మండుతున్నాయని కొందరన్నారు. కళ్ళ మంట అక్కడ రోజూ ఉండేదే. టీ తాగి చూద్దామనుకున్నారు. ఈ ఒక్కొక్క నిర్ణయాన్నీ విడిగా తీసి చూస్తే మనలో ఎవరైనా అదే చేసి ఉండేవారు. పనిచేయని మీటర్ల మధ్య రోజులు గడిపిన మనిషికి, నిజం చెప్పే మీటర్ కూడా అబద్ధంలాగే కనబడుతుంది.

బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ 1990లలో రెండు రకాల వైఫల్యాలను విడదీశాడు. ఒకటి చివరి క్షణంలో పనివాడి చేతిలో జరిగేది. రెండోది నెలలకో ఏళ్ళకో ముందు, ఎక్కడో బల్ల మీద, బడ్జెట్ కాగితంలో, డ్రాయింగులో, పోస్టు రద్దు ఉత్తర్వులో జరిగి, అదను కోసం నిద్రాణంగా పడి ఉండేది. మొదటిది కళ్ళకు కనబడుతుంది. రెండోదానికి సంతకం ఉంటుంది గానీ, ప్రమాద స్థలంలో వేలిముద్ర ఉండదు.

ఈ నగరానికి ఈ మాటలు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ళలోకి చొరబడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు మూతబడి ఉన్న రోజులవి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో ఎక్కువసేపు ఆగి చూడవలసినది ఒక ఉష్ణమాపకం సంగతి. స్టైరీన్ నిల్వ ఉన్న ఆ ఎత్తయిన పాత ట్యాంకులో వేడిని కొలిచే ఏర్పాటు అడుగు భాగానికే ఉంది. చల్లదనమూ కిందే అందుతోంది. 2019 చివర్లో పైపుల అమరిక మార్చడంతో కిందిదీ పైదీ కలవడం ఆగిపోయింది. పై పొర వేడెక్కిపోతున్నా రిజిస్టర్‌లో పడే అంకె చల్లగానే ఉంది. ఆ రీడింగు రాసిన ఆపరేటర్ అబద్ధం రాయలేదు. మీటర్ కూడా చెడిపోలేదు. మీటర్ బిగించిన చోటే తప్పు. స్టైరీన్ గడ్డకట్టకుండా వేసే రసాయనం నిల్వ లేదు, సైరన్ మోగలేదు. కమిటీ చెప్పిన 21 కారణాల్లో 20 యాజమాన్యానికే చెందుతాయని తేల్చారు. మన దేశంలో చివరి చేతి దగ్గర ఆగిపోని అరుదైన విచారణల్లో అదొకటి. పాఠ్యపుస్తకంగా చదవదగ్గ నివేదిక.

ప్రమాదాలు జరిగిన వేళలు కూడా చూడాలి. భోపాల్‌లో నడిరాత్రి, వెంకటాపురంలో తెల్లవారుజామున. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదం 1979 మార్చి 28 తెల్లవారుజామున 4 గంటలకు, చెర్నోబిల్ 1986 ఏప్రిల్ 26 రాత్రి 1 గంట 23 నిమిషాలకు. మనిషి ఒంటి ఉష్ణోగ్రత, చురుకుదనం అట్టడుగుకు దిగే గంటలివి. అంత రాత్రివేళ చురుకుగా ఉండమని పోస్టర్ అంటించడం కన్నా ఆ గంటల్లో వాల్వులు విప్పే పని పెట్టకపోవడం, ప్యానెల్ ముందు ఇద్దరు ఉండేలా చూడడం ఎక్కువ పనిచేస్తాయి. డబుల్ డ్యూటీ చేసినవాణ్ణి మెచ్చుకునే మన అలవాటును కూడా ఈ వెలుగులో చూడాలి.

ఇంకో అడ్డంకి మర్యాద. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో అనుమతి రాకుండానే బయల్దేరిన కేఎల్ఎమ్ కెప్టెన్ ఆ కంపెనీలో జంబో శిక్షణకే పెద్ద. ఎదురు విమానం ఇంకా రన్‌వే వదిలిందో లేదోనని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వ్యక్తం చేశాడు. పెద్దాయన వదిలిందని గట్టిగా అన్నాడు. మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు. ఆ తర్వాతే విమానయాన సంస్థలు కాక్‌పిట్‌లో చిన్నవాళ్ళకు మాట్లాడడం, పెద్దవాళ్ళకు వినడం నేర్పే శిక్షణ మొదలుపెట్టాయి. మన ప్లాంట్లలో ఆ దూరం ఇంకా ఎక్కువ. హెల్పర్ కాంట్రాక్టర్ మేస్త్రీకి చెప్పాలి, మేస్త్రీ సూపర్‌వైజర్ గారికి, సూపర్‌వైజర్ ఇన్‌ఛార్జి గారికి. ‘సార్, ఇది ఆపుదామా’ అన్న ప్రశ్న ప్రతి మెట్టు మీదా కొంచెం మెత్తబడుతూ పైకి వెళ్తుంది. చివరికి ‘అంతా బాగానే ఉంది సార్’ అయి చేరుతుంది. పైగా నేటి పారిశ్రామికవాడల్లో పనివాళ్ళు ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వస్తున్నారు. తెలుగూ ఇంగ్లీషూ రాసిన హెచ్చరిక బోర్డు వాళ్ళకు గోడ మీది రంగు మాత్రమే. ఫ్యాక్టరీ ప్రమాదాల్లో 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మందిని, 2025 జూన్ 30న పాశమైలారంలో 50 మందికి పైగా కార్మికులను పోగొట్టుకున్న తర్వాత కూడా ఈ సంగతి ఎన్ని ప్లాంట్లలో చర్చకు వచ్చిందన్నది ఈ సభలోని యాజమాన్య ప్రతినిధులు తమను తాము అడగవలసిన ప్రశ్న.

మనిషి మీద నమ్మకం ఉంచే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. లోకో పైలట్ సిగ్నల్ కనబడగానే చెయ్యి చాపి దాని రంగు బిగ్గరగా చెబుతాడు, పక్కనున్న అసిస్టెంట్ అదే మాట తిరిగి చెబుతాడు. కొత్తగా చూసినవారికి ఇది నాటకంలా ఉంటుంది. జపాన్ రైల్వేల్లో నూరేళ్ళకు పైబడిన ఇలాంటి పద్ధతినే అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షించింది. వేలు చూపి, పైకి పలికినప్పుడు పొరపాట్లు నూటికి 2.38 నుంచి 0.38కి తగ్గాయి. కన్ను, చెయ్యి, నోరు, చెవి ఒకేసారి ఒక పని మీద పడితే మనసు పక్కకు జారే సందు తగ్గుతుంది. ఈ పద్ధతి మనిషిని నిందించదు, అతని మతిమరుపును ముందే లెక్కలోకి తీసుకుంటుంది. అయినా రంగాపానిలో ఇది చాలేది కాదు. అన్ని సిగ్నళ్ళూ ఎర్రగా ఉండి, అన్నిటినీ దాటే అనుమతి చేతిలో ఉన్నప్పుడు రంగు పలకడం వల్ల ఒరిగేదేముంది?

అలాగని తప్పు చేసినవారెవరూ లేరని ఈ వాదనకు అర్థం కాదు. తాగి డ్యూటీకి వచ్చినవాడు, ఉత్పత్తి ఆగకూడదని తెలిసి తెలిసి అలారాన్ని బైపాస్ చేయించిన అధికారి, చేయని తనిఖీకి సంతకం పెట్టిన ఇంజనీరు శిక్షకు అర్హులే. రీజన్ సూచించిన గీటురాయి సులువైనది: అదే తర్ఫీదు, అదే అనుభవం ఉన్న మరో మనిషిని ఆ చోట నిలబెడితే ఏం చేసేవాడు? అతనూ అదే చేసేవాడైతే నింద మనిషి మీద నిలవదు. చేయడు అనుకుంటే అప్పుడు ఆ మనిషి సంగతి చూడవచ్చు. రంగాపానిలో ఈ గీటురాయిని ఊహించుకోవలసిన పని కూడా లేకపోయింది, ఐదు బండ్లు అప్పటికే జవాబు చెప్పాయి.

చట్టం ఈ విషయంలో పరిశ్రమ కన్నా ముందే నడిచింది. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని నెలకొల్పింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ఎంత జాగ్రత్త పడ్డామని చెప్పినా, ఏ ఉద్యోగి చేతిలో పొరపాటు జరిగిందని చూపినా నష్టపరిహారం తప్పదు. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలో 41-హెచ్ అనే సెక్షన్ చేరింది. ప్రాణాపాయం పొంచి ఉందని సహేతుకంగా అనుమానం కలిగితే కార్మికుడు యాజమాన్యానికి, నేరుగా ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలియజేయవచ్చని అది చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. పేర్లు, సెక్షన్ నంబర్లు మారతాయి. నైట్ షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు హెల్పర్ ఆ హక్కును వాడుకుంటే మర్నాడు గేటు పాస్ ఉంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. దానికి జవాబు చట్టం పుస్తకంలో దొరకదు, ప్లాంటు గేటు దగ్గర దొరుకుతుంది.

ఈ సభలో ఉన్న సేఫ్టీ ఆఫీసర్ల ముందు, తనిఖీ అధికారుల ముందు ఒక్క ప్రతిపాదన ఉంచడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. ప్రతి ప్రమాద విచారణ ఫైలులోనూ చివరి చేతి గురించి రాసిన పేజీకి ముందు ఇంకో పేజీ తప్పనిసరి చేయాలి. ప్రమాదం జరగని గత ఐదు షిఫ్టుల్లో అదే పనిని ఎవరు, ఎలా చేశారో అందులో రాయాలి. పర్మిట్ ఎవరు రాశారు, అందులో ఏ గడి ఖాళీగా ఉంది, ఏ మీటర్ ఎక్కడ బిగించి ఉంది, ఆ షిఫ్టులో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు. ఈ వివరాలు అడిగేటప్పుడు జవాబు చెప్పినవారికి ఛార్జిషీటు రాదని యాజమాన్యం రాసి ఇవ్వాలి. అమెరికాలో 1976 నుంచి నాసా నడిపే వైమానిక భద్రతా నివేదికల వ్యవస్థకు పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపుతారు. పంపినవారి పేరు తొలగించాకే ఆ సమాచారం పరిశీలనకు వెళ్తుంది. రసాయన కర్మాగారాల కోసం అలాంటి ఏర్పాటును విశాఖ, అనకాపల్లి, సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో ఏదో ఒకచోట ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పక్కపక్కన ఉన్న నాలుగు ప్లాంట్ల మేనేజర్లు, వారి కార్మిక ప్రతినిధులు ఒప్పుకుంటే చాలు. నివేదికలు తెలుగులోనూ హిందీలోనూ ఒడియాలోనూ తీసుకోవాలి, రాయలేనివారు నోటితో చెప్పగలగాలి. వాటిని చదివే మనిషి ఆ ప్లాంట్లలో ఎవరికీ జవాబుదారీ కాకూడదు.